కొన్నవాడి దగ్గర కొన్నవాడు

అమెరికా వెళ్లిన మనవాళ్లు ఇల్లు కొని, కారు మార్చాక, తర్వాత కొనేది వారం. నిజంగా వారమే. ఏడాదికి ఏడు రోజులు ఫలానా రిసార్టులో గది మీదని రాసిస్తారు. దాని పేరు టైమ్‌షేర్. ఈ సరుకు మన దగ్గరా ఉంది. షాపింగ్ మాల్లో కూపన్ నింపిన మర్నాడే ఫోను: "సార్, మీకు గిఫ్ట్ తగిలింది, మేడమ్‌గారిని కూడా తీసుకురండి." ఇంట్లో అడిగి చెబుతానని తప్పించుకునే దారి ముందే మూసేశారన్నమాట.

కొన్నాక నాలుగేళ్లకు పిల్లల చదువులొస్తాయి. మెయింటెనెన్సు బిల్లు ఏటా పెరుగుతుంది. కొన్నాయన అమ్మకానికి పెడితే సగం ధరకే ఇంకొకాయన కొంటాడు. కంపెనీకి కడుపుమంట అక్కడే. గది అదే, పరుపు అదే, కిటికీలోంచి కనిపించే సముద్రమూ అదే. అయినా మారియట్ వెకేషన్ క్లబ్ 2010 జూన్ 20న వారాలను పాయింట్లుగా మార్చుకునే పథకం తెచ్చి, ఆ తేదీ తర్వాత బయటివాళ్ల దగ్గర కొన్న వారాలకు అందులో చోటు లేదంది. డిస్నీ ఇంకో మెట్టెక్కింది. 2019 జనవరి 19 నుంచి పాత పద్నాలుగు రిసార్టుల పాయింట్లను సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాడికి కొత్త రివియెరాలో గది లేదు. రివియెరా పాయింట్లే సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడా, ఇక రివియెరా తప్ప ఇంకో రిసార్టు గడప తొక్కడానికి లేదు.

వేములపల్లి రైతుకు ఇందులో వింతేమీ కనపడదు. సాగర్ ఎడమ కాలువ కింద రెండెకరాలు తెల్లకాగితం మీద కొని, ఏళ్లుగా నాట్లేసి, మిర్యాలగూడ మిల్లుకు వడ్లు తోలుతున్నవాడు. 2018 మేలో తెలంగాణ ప్రభుత్వ పెట్టుబడి సాయం రైతుబంధు వచ్చింది, ఎకరాకు సీజనుకు 4,000 రూపాయలు. చెక్కు మాత్రం పట్టా ఎవరి పేరునుంటే వాళ్లకు. భూమి అమ్మి ఎప్పుడో పట్నం పోయిన ఆసామి వచ్చి చెక్కు తీసుకుని, "పొలం మంచిగుందా?" అని పలకరించి మరీ పోయాడు. 2020లో ఇలాంటి తెల్లకాగితం కొనుగోళ్లకు, అంటే సాదాబైనామాలకు, పట్టా కోసం దరఖాస్తు పెట్టుకోమంటే తొమ్మిది లక్షల దాకా వచ్చాయి. అంతలో చట్టమే మారింది, హైకోర్టు ఆపింది. 2025లో భూభారతి చట్టం పేరుతో మళ్లీ తలుపు తీశారు. మనవాడు అదే కాగితం, మడతల దగ్గర చిరిగితే టేపు అంటించి, తహశీల్దారు ఆఫీసుకు పట్టుకెళ్లాడు.

అయినా మన రైతు రిజిస్ట్రేషన్ చేయించుకోలేదు, అది లోపమే అనుకుందాం. అమెరికాలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాయన కాగితాలన్నీ పక్కాగా రాయించుకున్నాడు, మెయింటెనెన్సు పైసాతో సహా అందరితో సమానంగా కడుతున్నాడు. బిల్లు పంపేటప్పుడు ఎవరి దగ్గర కొన్నావని కంపెనీ అడగదు. ఆ ప్రశ్న గది అడిగినప్పుడే గుర్తొస్తుంది.

ఇక డైరెక్టుగా కొన్న మహానుభావుల మురిపెం చూడాలి. "మేం కంపెనీ దగ్గరే తీసుకున్నామండీ" అని తానా సభల్లో భోజనాల దగ్గర చెప్పుకుంటారు, జాతీయ అవార్డు వచ్చినట్టు. సెకండ్ హ్యాండ్ వాడికి పోయిందేముంది? లోటుపాట్లన్నీ లెక్కేసుకుని, చవగ్గానే కొన్నాడు. ఈ డైరెక్టు ఆయన అమ్మబోయే రోజున కొనడానికొచ్చేవాడూ సెకండ్ హ్యాండ్ వాడే కదా! ఆ లెక్కలన్నీ ఈయన ధరలోంచే కోస్తాడు. అమ్ముడుపోక ఈయన కంపెనీకే ఫోన్ చేస్తే, పాతవి వదిలించుకోవాలంటే కొత్త పాయింట్లు కొనమంటారు. డైరెక్టు మెంబరు గనక డిస్కౌంటు కూడా ఇస్తారట.