రేపల్లె మిషను, తెనాలి పడగ్గది

నేను ఉషా కుట్టు మిషన్ని. కాలితో తొక్కేదాన్ని. 1935లో కలకత్తాలో మొదలైన జే ఇంజినీరింగ్ వర్క్స్ నా పుట్టిల్లు. నల్లటి ఒళ్లు, దాని మీద బంగారు రంగు అక్షరాలు, కింద ఇనప స్టాండు, తోలు బెల్టు, చెక్క బల్ల. పని అయిపోయాక నా తలను లోపలికి దించి మూత వేస్తే మామూలు బల్లనైపోతాను. యంత్రాలంటే అంతగా ఇష్టపడని గాంధీగారు కూడా 1924లో ఆ సంగతి మాట్లాడుతూ కుట్టు మిషన్ని మాత్రం మినహాయించారు. ఇల్లాలి చేతి కష్టం చూడలేక పుట్టిన యంత్రమని ఆయన నమ్మకం. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా చక్రం తేలిగ్గా తిరుగుతుంది.

నన్ను మొదట తొక్కింది రేపల్లె అమ్మమ్మ. అప్పటికింకా ఆవిడ కొత్త కోడలు. తెనాలిలో బండెక్కించి, వేమూరు, భట్టిప్రోలు మీదుగా రేపల్లెలో దించారు నన్ను. ఆ వీధిలో వాళ్ల జాకెట్లు, లంగాలు, పిల్లల లాగులు అన్నీ నా సూది కిందే తయారయ్యాయి. అయితే గుడ్డ విలువ నాకు బాగా తెలిసింది 1977 ఉప్పెన తర్వాత. నవంబరు 19న సముద్రం మీదికొచ్చి దివిసీమను ముంచింది. ఇటు తీరంలో పల్లెలూ దెబ్బతిన్నాయి. ఒంటి మీది బట్టతో మిగిలినవాళ్ల కోసం అమ్మమ్మ ఇల్లిల్లూ తిరిగి పాత చీరలు పోగేసింది. నాలుగు పొరలు పరిచి, పద్దెనిమిదో నంబరు సూది వేసి, బొంతలు కుట్టింది. చిరిగిన చోట అతుకు పడేది, అతుకు మీద ఇంకో రంగు అతుకు పడేది. పేరు కోసం కుట్టినవి కావవి. కానీ వాటి అందం నేను మర్చిపోలేదు. నా పుట్టిల్లున్న బెంగాల్లోనూ పాత చీరల్నీ ధోవతుల్నీ పొరలు పేర్చి, చీర అంచుల్లోంచి లాగిన రంగు దారాలతోనే కాంథాలు కుట్టేవారు. ఇవాళ అవే ఖరీదైన దుకాణాల్లో మంచాల మీద పరుస్తున్నారు.

తర్వాత కూతురి సారెతోపాటు బాపట్ల చేరాను. అక్కడ చెప్పుకోవడానికి పెద్దగా లేదు. రెడీమేడ్ బట్టలొచ్చాక చీరలకు ఫాల్ కుట్టడానికే మూత తీసేవారు. మిగతా రోజుల్లో నా మీద టీవీ ఉండేది.

ఆ ఇంటి అమ్మాయికి తెనాలిలో ఉద్యోగం వచ్చింది. కాలవగట్టుకు దగ్గర్లో రెండో అంతస్తులో అద్దె ఇల్లు. పడగ్గదికి ఒకటే కిటికీ, తెల్లటి గోడలు, నడినెత్తిన ట్యూబ్‌లైటు. దాన్ని డిజైనర్ గదిలా చేయించుకోవాలని ఆమెకు సరదా. అంచనా రాయించింది. ఫాల్స్ సీలింగు, గోడకు ప్లాస్టిక్ పలకలు, దళసరి పాలిస్టర్ కర్టెన్లు, మెత్తటి తలాపు పలక అన్నీ కలిపి లక్ష దాటింది. పైగా నా తల తీసి అమ్మేసి, స్టాండు మీద గ్రానైటు పలక వేసుకుంటే మంచం పక్కకు బాగుంటుందని సలహా ఒకటి. అమ్మాయి ఆ కాగితం మడిచి పక్కన పెట్టి, బాపట్లకు ఫోను చేసింది.

"అమ్మా, అమ్మమ్మ పందిరి మంచం, పాత చీరలు, మిషను పంపించు. మిగతాది నేను చూసుకుంటా."

"ఆ పాత సామానంతా ఎందుకే? ఇంటికొచ్చినవాళ్లు ఏమనుకుంటారు?"

"వచ్చినవాళ్లు చూసి అడుగుతారులే, ఎక్కడ కొన్నావని."

పెద్ద పేరున్న డిజైనర్ల గదుల్లో డబ్బు ఎక్కడ కనిపిస్తుందో నాకు తెలుసు. గుడ్డ ధరలో కాదు, అది వేలాడే తీరులో. కిటికీ ఎంత వెడల్పో అంతే గుడ్డ వేస్తే బీదగా, బిగదీసినట్టు ఉంటుంది. రెట్టింపు వేస్తే మడతలు పడి నిండుగా జారుతుంది. కిటికీ నెత్తి మీదే కడ్డీ బిగిస్తే గది పొట్టిదైపోతుంది. సీలింగుకు కాస్త కిందుగా బిగించి నేల దాకా వదిలితే చిన్న కిటికీ కూడా పెద్ద తలుపులా కనిపిస్తుంది. ఈ రెండు సంగతులకీ లక్ష రూపాయలు అక్కర్లేదు. చీర చాలు.

ఎందుకంటే లెక్క చూడండి. చీర పొడవు 5.5 మీటర్లు, అంటే 18 అడుగులు. అడ్డంగా సగానికి కత్తిరిస్తే 9 అడుగుల తెరలు రెండు. అమ్మమ్మ మంగళగిరి చీర పన్నా 46 అంగుళాలు, రెండూ కలిపితే 92. కిటికీ 48 అంగుళాలు. అంటే దాదాపు రెట్టింపు. పైన కర్ర దూరడానికి మూడంగుళాల గొట్టం మడత, కింద మూడంగుళాల మడత పోతే ఎనిమిదిన్నర అడుగులు మిగులుతుంది. ఆ ఎత్తునే కర్ర బిగించింది. పక్కల కుట్టే పనే లేదు, నేతగాడు వేసిన అంచు ఉండనే ఉంది. నాకు దక్కింది నాలుగు సూటి కుట్లు. పాత చీర ఎన్నో ఉతుకులు చూసింది కాబట్టి ఇక ముడుచుకోదు. కుచ్చిళ్లు పోసే చోట అరిగి ఉంటుందని అమ్మాయి ముందే చీరను వెలుతురుకు పట్టి చూసి, పలచబడ్డ చోట వెనక నుంచి అదే చీర ముక్క వేసి నాతో కుట్టించింది.

పైటకొంగు దగ్గర, సామానుతోపాటు వచ్చిన వాళ్లమ్మతో వాదన వచ్చింది.

"ఇదేంటే, ఒకదానికి కొంగుంది, ఇంకోదానికి లేదు! జత కలవలేదు."

"కలవకపోతే ఏంటమ్మా? అమ్మమ్మ కొంగు, కనపడనీ."

కొంగు కింద భాగానికి వచ్చేలా వేలాడదీసింది. నాకు అమ్మాయి పక్షమే నచ్చింది. కొలిచి కొన్నట్టు రెండూ ఒకేలా ఉంటే ఆ కిటికీని ఎవరూ రెండోసారి చూడరు.

కర్ర సరుగుడుది. బాపట్ల తీరం వెంబడి సరుగుడు తోటలకు కొదవ లేదు. తొక్క తీసి, నీడన ఆరబెట్టి, గరుకు కాగితంతో రుద్ది, అవిసె నూనె పూశారు. కిటికీకి అటూ ఇటూ అడుగు చొప్పున పొడవు ఎక్కువ ఉంచారు. తెర పక్కకు లాగితే కిటికీ మొత్తం తెరుచుకుంటుంది. ఎండాకాలం ఈ ఉక్కలో దళసరి పాలిస్టర్ తెర కడితే గాలీ రాదు, వేడీ పోదు. నూలు తెర కాలవ మీది గాలిని ఆపకుండా, ఎండను మాత్రం చల్లార్చి లోపలికి వదులుతుంది.

కాలవలున్న ఊళ్లో గాలితోపాటు దోమలూ వస్తాయి. అందుకని పందిరి మంచానికి దోమతెర కుట్టాం. వల గుడ్డ నా కింద నిలవదు, జారిపోతుంది, పళ్లలో చిక్కుకుంటుంది. అమ్మాయి వల కింద వార్తాపత్రిక ముక్క పెట్టింది. కాగితంతో కలిపి కుట్టాను. తర్వాత కాగితాన్ని కుట్టు వెంట చింపి తీసేసింది. కుట్టు ఎక్కడా ముడత పడలేదు. పైకప్పుకు తాతయ్య పాత పంచె, నాలుగు వైపులా కింద చీర అంచు పట్టీ. ఆ అంచు బరువుకి తెర పరుపు కిందికి చక్కగా దిగుతుంది, ఫ్యాను గాలికి ఎగరదు. పగలు నాలుగు కోళ్లకూ ముడేస్తే హోటళ్ల బొమ్మల్లో మంచంలా ఉంటుంది.

తలాపు గోడకు కలంకారీ. రేపల్లె దగ్గర పెనుమూడి వంతెన దాటి, బందరు పక్కన పెడనలో తెచ్చిన అచ్చుల గుడ్డ. పాత కిటికీ చట్రానికి బిగించి మేకులు కొట్టారు. ఈ గుడ్డ నా సూది కిందకొచ్చినప్పుడు నాకు గర్వంగా అనిపించింది. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వాళ్ల గ్లోబ్ అనే ఓడ మన నిజాంపట్నం రేవుకు వచ్చింది, అక్కడి నుంచి బందరుకు పోయింది. అంతకు ముందే డచ్చివాళ్లు దిగారు. వాళ్లంతా వెతుక్కుంటూ వచ్చింది ఈ తీరం గుడ్డ కోసం. చిరివేరు ఎరుపు ఎన్ని ఉతుకులకూ పోని గుడ్డ అది. ఐరోపా ధనికులు దాన్ని మంచం తెరలుగా, దుప్పట్లుగా వేలాడదీసుకున్నారు. అక్కడి నేతగాళ్లు గోలపెడితే ఫ్రాన్సు 1686లో నిషేధించింది. ఇంగ్లండు 1721 చట్టంలో ఒంటికే కాదు, ఇంటి సామాన్లకూ రంగులద్దిన నూలు గుడ్డ వాడొద్దంది. చట్టం చేసి ఆపాల్సి వచ్చిందంటే పడగ్గదికి అది ఎంత శోభనిచ్చేదో ఊహించండి. ఆ గుడ్డ మనకు బస్సు దూరంలో దొరుకుతుంటే ప్లాస్టిక్ పలకలు ఎందుకు అంటించాలి?

ట్యూబ్‌లైటు తీసేశారు. తాటాకు బుట్ట బోర్లించి, అడుగున చిల్లు పెట్టి, ఎల్‌ఈడీ బల్బు వేలాడదీశారు. పాతకాలం బల్బయితే ఆకు మాడేది. ఇది పెద్దగా వేడెక్కదు, అయినా బల్బుకూ ఆకుకూ మధ్య జాగా వదిలారు. బట్టల కొక్కేలు వెల్డింగు షాపులో పాత సైకిలు చెయిన్ ముక్కలతో చేయించారు. నట్లూ బోల్టులతో నిలువెత్తు విగ్రహాలు చేసే శిల్పులున్న ఊరిది. సూర్య శిల్పశాలలో 2021లో ప్రధాని విగ్రహాన్నే తుక్కు ఇనుముతో నిలబెట్టారు. ఇక కొక్కేలకు లోటా?

నన్ను మంచం పక్కనే పెట్టారు. రాత్రి తల దించి మూత వేస్తే నా మీద మంచినీళ్ల చెంబు, పుస్తకం, కళ్లజోడు. పగలు మూత తీస్తే మిషన్ని. గ్రానైటు పలక అక్కర్లేకపోయింది. ఖర్చంతా కలిపినా అంచనాలోని కర్టెన్ల పద్దు కూడా దాటలేదు.

పోయిన వారం మేడ మీది పిన్నిగారు వచ్చి, తెర అంచు చేత్తో పట్టుకుని చూసి వెళ్లింది. సాయంత్రానికి పెట్టెలోంచి చీరాల కుప్పడం చీర తీసుకొచ్చింది. ఆవిడ కిటికీ ఆరడుగులు, ఒక్క చీర చాలదు, రెండు కావాలని అమ్మాయి టేపు పట్టి లెక్క చెప్పింది. కుప్పడం అంచు దళసరి, పద్నాలుగో నంబరు సూది విరిగిపోతుంది. పదహారు తెప్పించమంది. ఈలోగా నాకు నూనె వేయాలి, బెల్టు కాస్త బిగించాలి.