లేని గ్రంథము – ఉన్న భక్తులు

అరేబియా ఇసుకపై ఒక్కనాడును కాలు మోపక, ఖురానునందు పేర్కొనబడిన స్తంభనగరము ఇరమ్‌ను తన భయానక కథలలోనికి లాగి, 1937లో గతించిన అమెరికా రచయిత లవ్‌క్రాఫ్టు, తాను సృజించిన ‘నెక్రోనామికాన్’ మంత్రగ్రంథము శుద్ధకల్పన యని లేఖలలో మొత్తుకొన్నను, దాని ప్రతికై గ్రంథాలయములలో వాకబు చేసిన అభిమానులు కలరు.

ఒమన్ దేశమున ధోఫార్ ఎడారియందలి షిసర్ చెంత, వ్యోమనౌకా రాడారు చిత్రముల ఆసరాతో త్రవ్వి తీసిన కోటశిథిలములు ఐతిహ్యములలోని లుప్తనగరము ఉబార్ అనియు, ఇరమ్ కావచ్చుననియు 1992లో పత్రికలు చాటుటతో అట్టివారికి పండుగయే యైనది. తీరా చూడగా అచ్చట నున్నవి సాంబ్రాణి వర్తకుల బిడారులు దప్పి దీర్చుకొన్న నీటిబుగ్గయు, అడుగునున్న సున్నపురాతి గుహ కూలగా క్రుంగిన గోడలును!

సృష్టికర్తయే లేదన్నను వినని భక్తులున్నచోట, దయ్యముల కింక పని యేమి?