సున్నుండోపాఖ్యానము

సమామిష్ ఏటి ఒడ్డునున్న రెడ్‌మండ్ నగరమునందు, నవంబరు వానయు, డేకేర్ నుండి మా మనవడు మోసుకొచ్చిన జలుబును ఏకమైన దుర్ముహూర్తమున, శత్రుసేనలు నా నాసికాద్వారము గుండా చొరబడెను. రాత్రికి జ్వరం 102. రెండు రోజులు పల్చటి జావ తప్ప నోట్లో పెట్టింది లేదు. మూడోనాడు మా ఆవిడ నా వేలికొసన సూది గుచ్చి, ఆవగింజంత నెత్తుటిబొట్టును స్ట్రిప్పు అంచుకు తాకించగా, అది సన్నని గాడివెంట సర్రున పాకెను. మీటరు కొన్ని క్షణములు ధ్యానించి పలికెను: 218.

"ఏవండీ, సున్నుండల డబ్బా మూత వదులుగా ఉందేం?"

శమంతకమణి విషయమున కృష్ణుడంతటివాడికి తప్పని నీలాపనింద, మినప్పిండి విషయమున నాకు తగులుకొనెను. ఆయన జాంబవంతుడి గుహకు వెళ్లాడు. నేను నా ఒంట్లోకే వెళ్లవలసివచ్చెను.

వినుడు. వైరస్సును పసిగట్టిన కావలి కణములు శంఖములూదవు, సైటోకైన్లను వదలును. కంటికి ఆనని ప్రోటీను ముక్కలే గానీ, ఆర్భాటం అక్షౌహిణులది! అందు ఇంటర్‌ల్యూకిన్-1 అనువాడు మెదడుకు కబురంపి హైపోథాలమస్‌చేత జ్వరాగ్ని రగిలించెను. ఆ సందట్లో పిట్యూటరీ మేలుకొని, మూత్రపిండములపై టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులకు ఆజ్ఞ పంపగా, కార్టిసాల్ బయల్వెడలి కాలేయమను వంటశాలలో చక్కెర వండించెను. సరుకు నా జావ కాదు, నా కండల్లోని ప్రోటీనే! యుద్ధమన్నాక సైన్యానికి గ్రాసం కావాలి కదా.

మరి ఇన్సులిన్? పాపం, కణద్వారమున గంట నొక్కుతూనే ఉన్నది. కానీ ముగ్గురు కవలలు జడల్లుకున్నట్లుండే టీఎన్‌ఎఫ్ అను మరో సైటోకైన్ వీరుడు లోపలి తీగ తెంపినాడు. గంట మోగదు, చక్కెర వీధిలోనే నిలబడును. ఇతడు జ్వరంతో వచ్చి జ్వరంతో పోయే చుట్టమా అంటే, కాదు. బొద్దు ఎలుకల కొవ్వులోనే ఇతడి విడిది ఉన్నదని 1993లో హోటమిస్లిగిల్, స్పీగల్‌మన్ ప్రభృతులు కనిపెట్టిరి. నా బొజ్జవైపు మా ఆవిడ చూపు మళ్లుతోందని ఈ ఘట్టం గబగబా దాటించాను.

వాషింగ్టన్ సరస్సుకు ఆవలిగట్టున, సియాటిల్‌లో ఇమ్యునెక్స్ వారు ఈ వీరుణ్ణి నడిదారిలో పట్టు దొంగగడపను నిర్మించిరి. దాని పేరు ఎటానెర్సెప్ట్; 1998లో కీళ్లవాతానికి అనుమతి దొరికింది. షుగరు మీద మాత్రం ఈ తరహా కిటుకు అంతగా పారలేదు.

చిత్రమేమనగా, సైటోకైన్లు లేపిన కార్టిసాలే తిరిగివచ్చి వాటి నోరు మూయించును. అయిదోనాడు జ్వరం దిగెను. మీటరు 134 అనెను.

"చూశావా?" అన్నాను, మీసం దువ్వుతూ.

ఆవిడ డబ్బా దించి లెక్కపెట్టింది. ఇరవై ఉండాల్సినవి పంతొమ్మిది.

అది జ్వరం రాకముందు సంగతి.