పట్టా మీది, జాగా మాది

గణిత సాఫ్ట్‌వేర్లు మహా పండితులు. ‘పై’ విలువ లక్ష అంకెల దాకా అడగండి, గుక్కతిప్పుకోకుండా అప్పజెబుతాయి. పక్కనే ఉన్న డేటా ఫైలు తెరవమనండి, అలాంటి ఫైలే లేదంటాయి. ఫైలు ఉంది, మన కళ్లెదుటే ఉంది. పండితులవారే ఆ వేళకి వేరే ఫోల్డర్లో కొలువుదీరి ఉన్నారు.

మ్యాథమెటికానే చూడండి. మీ నోట్‌బుక్ ఏ ఫోల్డర్లో ఉందన్నది దానికి పట్టదు, దాని డైరెక్టరీ దానిది. ‘సెట్‌డైరెక్టరీ’లో ‘నోట్‌బుక్‌డైరెక్టరీ’ని పెట్టి, ‘అయ్యా, మా కాగితం ఉన్నచోటికి ఒకసారి దయచేయండి’ అని అర్జీ పెట్టుకోవాలి. పోనీ, వాడుకరికంటూ విడిగా చోటు లేదా అంటే, ఉంది. విండోస్‌లో అది యాప్‌డేటా కింద, మామూలుగా కంటికి కనబడని ఫోల్డర్లో ఉంటుంది. మీ పేరున పట్టా ఇచ్చారు, జాగా మాత్రం చూపించరు.

విండోస్‌లో పాత మ్యాట్‌ల్యాబ్ మరీ ఉదారం. తనను ఇన్‌స్టాల్ చేసిన ఫోల్డర్లోనే ‘వర్క్’ పేరుతో మనకో మూల కేటాయించేది. కొత్త వెర్షన్ మోజులో పాత ఫోల్డరు మొత్తం తుడిచేస్తే, దాంతోపాటు థీసిసూ గంగపాలు. ఆ తర్వాత బుద్ధొచ్చి డాక్యుమెంట్స్‌లోకి మారింది. 2007లో జనం చేతికొచ్చిన విండోస్ విస్టా ఇంకో వింత చేసింది. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో రాయబోయిన పాత ప్రోగ్రాములను కాదనలేదు. రాసిందంతా గుట్టుగా వర్చువల్‌స్టోర్ అనే వేరే ఫోల్డర్లోకి మళ్లించింది. ప్రోగ్రాము రాశాననే అంటుంది, మనం వెళ్లి చూస్తే లేదు.

ఇక గణాంకాల సాఫ్ట్‌వేర్ ‘ఆర్’. వెళ్లేముందు ‘వర్క్‌స్పేస్ సేవ్ చేయనా?’ అని మర్యాదగా అడుగుతుంది. ఎక్కడ చేస్తుందో చెప్పదు. సరేనంటే ఆ పూటకి తానున్న ఫోల్డర్లో పడేస్తుంది. మళ్లీ అక్కడే మొదలెడితే నిన్నటి వేరియబుల్స్ దయ్యాల్లా లేచొస్తాయి. ఈ గొడవ పడలేక విద్యార్థి ప్రోగ్రాము తలకాయలోనే సీ డ్రైవు నుంచి తన పేరు దాకా పాత్ మొత్తం రాసేస్తాడు. అందులోని సిద్ధాంతం విశ్వమంతటా చెల్లుతుంది. ప్రోగ్రాము పక్క టేబుల్ మీద కూడా చెల్లదు.

ఇదేమైనా తెగని చిక్కుముడా? జూపిటర్ మామూలుగా నోట్‌బుక్ ఉన్న ఫోల్డర్లోనే పని మొదలెడుతుంది. ఆకాశమేం విరిగిపడలేదు. అంత చేయలేనివాళ్లు ఫైలు లేదన్నప్పుడు ఎక్కడెక్కడ వెతికారో ఒక్క ముక్క చెబితే చాలు. ఆ ముక్క చెప్పడానికి కలనగణితం అక్కర్లేదు.