లాలపోత పద్యానికి టీకా తాత్పర్యాలు

ఆ.వె.
కాళ్ళు చాపి, బిడ్డఁ గాళ్ళపై బోర్లించి
నూనె రాసి, నలుగు నూఱి పెట్టి
వేడి నీరు పోసి, వీపెల్లఁ దట్టుచు
నేడ్చు వాని నూయ లెక్కఁ జేయు.

టీక: కాళ్ళు చాపి = పీట మీద కూర్చుని, మోకాళ్ళు వంచకుండా ముందుకు జాపి; బిడ్డన్ = మెడ ఇంకా నిలవని పసికందును; కాళ్ళపై బోర్లించి = రెండు పిక్కల నడుమ పల్లంలో పొట్ట ఆనేలా పడుకోబెట్టి; నూనె రాసి = అరచేతుల మధ్య రుద్ది వెచ్చబరిచిన నూనెను ఒళ్ళంతా పట్టించి; నలుగు = పెసరపిండిలో చిటికెడు పసుపూ కాస్త మీగడా కలిపిన ముద్ద; వేడి నీరు = మోచేయి ముంచి చూస్తే చురుక్కుమనని నీరు.

ఇక్కడ ఒక హెచ్చరిక. కవి ఉద్దేశం గోరువెచ్చని నీరే. ‘వీపు’తో యతి కుదరాలని ‘వేడి’ వేశాడు. ఛందస్సును నమ్ముకుని బిడ్డను కాల్చకండి.

తాత్పర్యం: స్పష్టం.

విశేషాలు: నూనె అన్నాడే గాని ఏ నూనో కవి చెప్పలేదు. వ్యాఖ్యాతలు కొట్టుకోవడానికి అంతకన్న ఏం కావాలి? మన అవ్వలలో ఒక వర్గం నువ్వుల నూనె అంటుంది, మరొకటి కొబ్బరి నూనె అంటుంది. మాడు మీద మాత్రం ఆముదమే అని ఇద్దరూ రాజీపడతారు. ఉత్తరాది వారిది ఆవనూనె మతం. అది చర్మం పైపొరను దెబ్బతీస్తుందని పరిశోధకులు ఆక్షేపించారు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు పొద్దుతిరుగుడు నూనె రాస్తే ఆసుపత్రిలో సోకే ఇన్ఫెక్షన్లు తగ్గాయని ఢాకాలో చేసిన అధ్యయనం 2005లో వెలువడింది. కూరలో వేసే నూనె అని చిన్నచూపు చూసినవారికి ఇదే సమాధానం.

‘తట్టుచు’ అన్నది పద్యానికి ప్రాణం. చక్కిలిగింత పెట్టినట్టు తడిమితే పిల్లలు చిరాకుపడతారు; అరచేయి ఆనినట్టు తెలియాలి. అమెరికాలో పరిశోధకురాలు టిఫనీ ఫీల్డ్ బృందం నెలలు నిండని పిల్లలకు రోజుకు మూడుసార్లు, పావుగంట చొప్పున, 10 రోజులు మర్దన చేయించింది. మర్దన లేని పిల్లలకన్న వీళ్ళు రోజువారీగా 47 శాతం ఎక్కువ బరువు పెరిగారని 1986లో ప్రకటించింది. పాలేమీ ఎక్కువ తాగలేదట. ‘నీళ్ళు పోస్తేనే ఒళ్ళు చేస్తాడు’ అనే అవ్వల సూత్రానికి ఇంతకన్న భాష్యం అక్కర్లేదు. కలకత్తాలో శాంతల అనే తల్లి బిడ్డకు ఒళ్ళు రుద్దుతుంటే చూసి మురిసిపోయిన ఫ్రెంచి వైద్యుడు ఫ్రెడరిక్ లెబోయె, 1976లో ఆమె పేరుతోనే పుస్తకం వేశాడు. విదేశాల్లో ఇప్పుడీ విద్యకు తరగతులున్నాయి, సర్టిఫికెట్లున్నాయి. మన పీటలకు అవేవీ లేవు.

ప్రక్షిప్తాలు: కొన్ని ఇళ్ళ ప్రతులలో పద్యం చివర అదనపు పాదాలు కనిపిస్తాయి: చెవుల్లో, ముక్కులో నూనె చుక్కలు వేయడం, ముక్కు కోటేరులా నిలవాలని నొక్కడం, రొమ్ములు పిండడం, నూగు పోవాలని నలుగుముద్దతో బరబరా రుద్దడం, గదంతా సాంబ్రాణి పొగ నింపడం. ఇవి మూలంలో లేవు, ఉన్నా కొట్టేయవలసినవే. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా వస్తుంది. పసిరొమ్ములో పాలచుక్క తల్లి హార్మోన్ల చలవ, దానంతటదే పోతుంది. పిండితే చీము పడుతుంది. నూగూ అంతే, ఎవరూ రుద్దకపోయినా రాలుతుంది. పొగ సంగతి చెప్పాలా? మనకే దగ్గొస్తుంది.

‘ఏడ్చు వాని’ దగ్గర అన్వయక్లేశం ఉంది. ఏడ్చేది బిడ్డేనని ప్రాచీనులు. తలుపు పక్కన తువ్వాలు పట్టుకుని “అత్తయ్యా, మెల్లగా” అని గింజుకునే తండ్రి అని నవ్యులు. రెండూ చెల్లుతాయి. బిడ్డ విషయంలో మాత్రం, ఏడుపు గుక్కపడితే ఆ రోజుకు పద్యం అక్కడితో ఆపాలి.

ఇక అసలు చిక్కు. నాలుగు పాదాలూ వెతికినా కర్త లేదు. ఎవరు చేయు? ఇన్నాళ్ళూ ‘అమ్మమ్మ’ అని అధ్యాహారం చేసుకుని ఊరుకున్నాం. ఆ అమ్మమ్మ ఇప్పుడు ఆర్నెల్ల వీసా మీద డల్లాస్ వెళ్ళి, అక్కడి బాత్‌టబ్బులో పీట ఎక్కడ వేయాలో తెలియక నిలబడింది. హైదరాబాదు అపార్టుమెంట్లలో నీళ్ళు పోసే ఆవిడకు నెలజీతం ఇస్తున్నారు. పురుడు పోసుకున్న తల్లికి నడుం వంగదు. కాబట్టి వ్యాకరణాన్నే ఆశ్రయిద్దాం. ‘చేయు’ అన్న క్రియ ఆడవారికీ మగవారికీ ఒకటే రూపం. కర్తగా తండ్రిని కూర్చోబెడితే ఏ దోషమూ లేదని నా తీర్పు.

ఆ కర్తగారికి మనవి: ముందు గోళ్ళు కత్తిరించుకోండి. ఉంగరం, వాచీ తీసి పక్కన పెట్టండి. పాలు తాగిన వెంటనే మొదలుపెట్టకండి. నూనె చేతులతో బిడ్డను ఎత్తితే జారుతుంది. ఆ తువ్వాలు దగ్గరే ఉంచుకోండి.