దారుభక్తులు

వాషింగ్టన్ సరస్సునకు ఉత్తరదిక్కున, సమామిష్ నది యొడ్డున, కింగ్ కౌంటీలో కొంతయు స్నోహోమిష్ కౌంటీలో కొంతయుగా నుండు బాతెల్ పట్టణము, 1909లో పురపాలకసంఘముగా నేర్పడునాటికి చెట్లు కొట్టువారిదియు, దుంగలు దొర్లించువారిదియు, ఇండ్ల కప్పులకై సీడరు చెక్కలు చీల్చు మిల్లులవారిదియునై యుండెను. నేడచ్చట గొడ్డలి పట్టినవాడు కనబడడు. రెడ్మండ్, బెల్‌వ్యూ కార్యాలయములలో సాఫ్ట్‌వేరు వ్రాసి సాయంకాలమునకు ఇల్లు చేరు తెలుగువాడు కనబడును. ఆ యూరనే వేంకటేశ్వరునకు దేవాలయము కూడ కలదు గనుక మనవారి భక్తికి తావు లేకపోలేదు. అయినను కొందఱిలో ఆ భక్తి స్వామిని వీడి చెక్కమీదికి మరలినది. చెట్లు కొట్టుట మానిన యూరిలో చెట్టు పేరు జపించుట మొదలైనదన్నమాట.

ఈ భక్తులకు ఇష్టదైవము చేతితో ప్రత్యేకముగా చేయించుకొనిన అకూస్టిక్ గిటారు. అంగడిలో దొరకునది పామరులకు. పేరుగల గిటారుశిల్పిని, అనగా లూథియర్ నాశ్రయించి, బయానా చెల్లించి, తమ వంతు వచ్చుదాక నెలలును ఏండ్లును నిరీక్షించి, పదివేల డాలర్లు దాటినను పెదవి విఱువక తెచ్చుకొనునది రసజ్ఞులకు. ముందుపలక సిట్కా స్ప్రూసా, అడిరాండాక్ స్ప్రూసా, సీడరా? వెనుకకును ప్రక్కలకును మహాగనియా, కోవాయా, రోజ్‌వుడ్డా? నట్టు వెడల్పు అంగుళము ముప్పావు చాలునా, మఱికొంచెము పెంచవలెనా? ఫ్రెట్‌బోర్డులో పొదుగుటకు ముత్యపుచిప్పయా, అబలోనియా? ఇన్నింటికిని మన భక్తుడు పరీక్షలో ప్రథమశ్రేణి విద్యార్థివలె తడుముకొనక సమాధానము చెప్పును. "అయ్యా, తాము వాయించునది ఏ విధమైన సంగీతము?" అని అడిగినచోటనే తడుముకొనును. ఫింగర్‌స్టయిల్ అని యొకమాఱును, "అన్నీ కొంచెం కొంచెం" అని మఱియొకమాఱును సెలవిచ్చును. మంచి శిల్పి యెవడైనను మొట్టమొదట అడుగు ప్రశ్న అదియే. మనవానికది యన్నింటికంటె చివరిది.

గిటారు వచ్చిన పిమ్మట ఆదివారము భోజనమునకు పిలుపు వచ్చును. పప్పును పులుసును ముగిసి, కాఫీ వచ్చులోపల, ముఖమల్ పరచిన పెట్టె తెఱవబడును. అప్పుడు మొదలగునది రాగాలాపన కాదు, స్థలపురాణము. ఈ రెడ్‌వుడ్డు దశాబ్దములు నదిగర్భమున మునిగియుండి పైకి తీయబడినది. అందుచేతనే మంద్రస్థాయి అంత గంభీరము. ఈ మహాగని, ఇప్పుడు బెలీజ్ అనబడు దేశపు చికిబుల్ అడవిలో 1965లో కొట్టగా లోయలో పడి, కదల్చుట యసాధ్యమై, యేండ్లకొలది అట్లే పడియుండిన మహావృక్షమునకు చెందినది. ఈ వృక్షము కథ కల్పన గాదు. గిటారులోకమున దానికి "ద ట్రీ" అనియే పేరు, దాని పలకలకు బంగారపు వెల. కాని వినువారికి తట్టు సందేహమేమనగా, లోయలో పడి యేండ్లు నిద్రించుట చెట్టునకు సంగీతశిక్షణ యెట్లగును? ఆ ప్రశ్న నడుగుట మర్యాద గాదు గనుక అందఱును తలలూపుదురు. పురాణము ముగియును, పెట్టె మూయబడును, కాఫీ వచ్చును.

ఈ పురాణమునకు ఫలశ్రుతి "బ్రెజిల్ రోజ్‌వుడ్" అను పేరు. ఆ కలపను 1992లో అంతర్జాతీయ వాణిజ్యమునుండి నిషేధించిరి. 2017లో రోజ్‌వుడ్ జాతి చెట్లన్నింటిపైన నియమములు బిగించిరి. వాద్యకారుల మొఱ విని 2019లో తయారైన వాద్యములకు కొంత సడలింపు నిచ్చిరి గాని బ్రెజిల్ చెట్టునకు ఆ యుపకారము దక్కలేదు. అట్టి గిటారు సరిహద్దు దాటవలెనన్న దానికొక ధ్రువపత్రము వలయును. తన గ్రీన్‌కార్డు క్యూ ఎన్నటికి కదలునో యెఱుగని యింజనీరు తన గిటారు పత్రములు మాత్రము సక్రమముగా నున్నవని చెప్పుకొని పొంగిపోవుట చూచినప్పుడు నవ్వవలెనో జాలిపడవలెనో తెలియదు. ఇంతకంటె వింత వేఱొకటి. బ్రెజిల్ కలప దొరకుట కష్టమైనపుడు, 1969లో, అమెరికాలోకెల్ల ప్రఖ్యాతి గాంచిన మార్టిన్ కంపెనీవారు ఆశ్రయించినది మన దక్షిణదేశపు టడవులలో పెరుగు రోజ్‌వుడ్డును, అనగా మన పల్లెటూళ్ళవారు ఇరుగుడని పిలుచు చెట్టునే. నాటినుండి లోకమందలి గొప్ప గిటారు విద్వాంసులెందఱో దానితోనే కచేరీలు చేసిరి. మన బాతెల్ భక్తుడు మాత్రము పెదవి విఱిచి, "అది మామూలుదండీ, ఇండియన్" అనును. తాతగారి యూరి చెట్టు తనకు తక్కువైనది!

చెక్కమహిమ యెంతో తేల్చుటకు ప్రయత్నములు జరుగకపోలేదు. ఆధునిక గిటారు రూపమును స్థిరపఱచిన స్పెయిన్ దేశపు శిల్పి అంతోనియో దె టోరెస్, ధ్వనికి ప్రధానము ముందుపలకయే యని నిరూపింపదలచి, 1862లో ఒక గిటారునకు వెనుకను ప్రక్కలను అట్టతో చేసెను. అది నేటికిని బార్సెలోనా సంగీత ప్రదర్శనశాలలో కలదు. 1995లో కాలిఫోర్నియాకు చెందిన బాబ్ టేలర్, గోదాములలో సామాను మోయు ప్యాలెట్ చెక్కలను ఏఱి తెచ్చి, మేకులు దిగిన రంధ్రములు కనబడునట్లుగానే గిటారు నొకదానిని చేసి వాణిజ్యప్రదర్శనమున నిలిపెను. అది చక్కగా మ్రోగెను. చెక్కకంటె చేయి గొప్పదని చాటుటకు చేసిన యా పరిహాసమును మన రసజ్ఞవర్గ మెట్లు గ్రహించెననగా, తరువాత అదే మాదిరిగా పరిమితసంఖ్యలో గిటారులు చేయగా వానిని సేకరించువారును బయలుదేరిరి. చెత్తకుప్పనుండి వచ్చిన చెక్కకును మహిమ యంటుకొన్నది!

అంతకంటె కఠినమైన పరీక్ష 2018లో ఇంగ్లండు లాంకాస్టర్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు ప్రకటించినది. ఒకే శిల్పిచేత, ఒకే నమూనాలో, ఆఱు గిటారులను చేయించిరి. వెనుకకును ప్రక్కలకును వాడిన కలప మాత్రము ఆఱు విధములు. వానిలో బ్రెజిల్ రోజ్‌వుడ్డు కలదు, చవుకరకములును కలవు. ఏబదియిద్దఱు గిటారు వాద్యకారులను పిలిచి, మసకవెలుతురులో, వెల్డింగు పనివారు ధరించు నల్లని కంటియద్దములు పెట్టించి, వాయింపజేసి, ఏది మేలో చెప్పుమనిరి. ధ్వనిగుణమునకు వారిచ్చిన మార్కులు ఆఱింటికిని ఇంచుమించు సమానములు. కంటికి గంత కట్టగానే చెక్కలన్నియు ఒకే కులమైనవి. ఈ విషయము చెప్పినచో మన భక్తుడు చలింపడు. "వాళ్ళ చెవులకు అంత సంస్కారం లేదండీ" అని తీర్పు చెప్పును. వారిలో ప్రతివాడును గిటారు వాయించువాడనియు, తాను వాయింపడనియు అతనికి జ్ఞాపకము రాదు.

ఇంత మాత్రముచేత చేతిపని దండుగయని నేననుట లేదు. తీగ కంపించగా బ్రిడ్జి ఊగును, బ్రిడ్జితో ముందుపలక ఊగును, పలకతో పెట్టెలోని గాలి కదలును. ఆ పలక యెంత పలుచనైన నంత చుఱుకుగా పలుకును, మఱీ పలుచనైనచో తీగల బిగువునకు ఉబ్బి పాడగును. ఒకే దుంగనుండి కోసిన రెండు పలకల బిగువు ఒకటిగా నుండదు గనుక, మంచి శిల్పి ప్రతిపలకను వేలితో తట్టి, వంచి, చెవియొగ్గి విని, ఒక్కొక్క పొర చివ్వుచు, లోపలి బ్రేసింగు కఱ్ఱలను గీకుచు, ఆగవలసినచోట ఆగును. ఫాక్టరీకి అంత తీరిక లేదు. గ్యారంటీ మీదికి రాకుండ అన్నింటిని కొంచెము దళసరిగానే యుంచును. చేతిపనికిచ్చు ధనము ఈ చెవికిని ఈ వేలికిని ఇచ్చునది, న్యాయమైనది. మన భక్తుని పురాణమున చెట్టునకు పది యధ్యాయములుండగా, ఆ చివ్విన మనుష్యునికి ఒక్క శ్లోకమైనను లేదు.

చెక్కపిచ్చి వలన కలుగు కీడు పెట్టెలోనే యుండిపోయిన గొడవ లేకపోవును. బాతెల్‌కు పడమటగా, సముద్రపు పాయ కావలనున్న ఒలింపిక్ జాతీయారణ్యమున, వాద్యములకు ప్రియమైన చారల మేపిల్ చెక్కకై 2018లో దొంగలు చెట్లు కొట్టిరి. ఆ సంవత్సరము ఆగస్టున అచ్చట మూడువేలమున్నూఱు ఎకరములు తగులబడెను. కొట్టదలచిన చెట్టు మొదట నున్న కందిరీగల గూటిని కాల్చబోవుటతోనే ఆ మంట పుట్టినదని ప్రభుత్వపక్షము వాదించినది. అగ్గి సంగతి జ్యూరీ తేల్చలేదు గాని దొంగకలప నేరము 2021లో రుజువైనది. అమెరికా ఫెడరల్ న్యాయస్థానపు విచారణలో చెట్టు డీఎన్ఏ సాక్ష్యము చెప్పుట అదే ప్రథమము. చారలు చూచి మురియువారిలో ఆ పలక యెచ్చటిదని అడుగువా రెందఱు?

తెచ్చిన గిటారు పోషణ మఱియొక వ్రతము. గాలిలో తేమ నూటికి నలుబదియైదు మొదలు ఏబదియైదు పాళ్ళలోపల నుండవలెను. శీతకాలమున బయట వాన కురియుచుండగా లోపల హీటరు గాలిని ఎండగట్టును గనుక పెట్టెలో తేమసంచులు, గోడకు తేమమాని, ఫోనులో హెచ్చరికలు. బిడ్డకు జ్వరమాని పెట్టుట మఱచిన యింటనైనను దీనికి లోటు రాదు. ఇంతవఱకు సహింపవచ్చును. కాని చెక్క వాయించిన కొలది పండి "విచ్చుకొను"నను నమ్మకమొకటి కలదు. ఆ విచ్చుకొనుటకై తీగలపై కూర్చుండబెట్టి, కరెంటు ప్లగ్గునకు తగిలించి, రేయింబవళ్ళు గిటారును వణకించు యంత్రములును విక్రయించుచున్నారు. యజమాని రెడ్మండులో మీటింగునందుండగా, ఖాళీ యింట గిటారు తనంతట తాను గుంయ్‌మని సాధన చేసికొనుచుండును! దక్షిణ యిచ్చి తన బదులు జపము చేయించుకొనుట మనవారికి క్రొత్త గాదు గనుక ఇందులోను ఆశ్చర్యపడువాడు లేడు. అచ్చట జపము చేయునది కనీసము మనిషి.

స్వదేశమున మన మింతకంటె మేలని మీసము దువ్వనక్కఱలేదు. బొబ్బిలి దగ్గఱ గొల్లపల్లిలో సర్వసిద్ధివారు తరతరములుగా ఒకే పనసదుంగను తొలిచి వీణ చేయుదురు. అట్టి వీణ నొకనాడు విజయనగరమున వెంకటరమణదాసుగారివంటివారు పలికించిరి. ఇప్పుడచ్చటి పనివారికి గిరాకి యెక్కువ తెచ్చునవి సభలలో శాలువతో పాటు చేతిలో పెట్టు చిన్న బొమ్మవీణలు. మంత్రుల గాజుబీరువాలలో అవి మౌనవ్రతము పట్టియున్నవి. బాతెల్ గిటారు వానికి పెద్దన్నగారు.

కోరి చేయించుకొనిన వాద్యమన నెట్లుండవలెనో తెలియవలెనన్న పాలకొల్లు చూడుడు. 1969లో అచ్చట పుట్టిన మాండలిన్ శ్రీనివాస్, జంటతీగలు నాలుగు బిగించిన పాశ్చాత్య మాండలిన్‌పైన మన గమకము నిలువదని గ్రహించి, విద్యుత్ మాండలిన్‌పై ఒంటితీగ లైదు అమర్చుకొనెను. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొలిసారి కచేరీ చేసినప్పుడు ఆయన వయస్సు తొమ్మిదేండ్లు. వేలికి కావలసినది వాద్యమున లేకపోయెను గనుక వాద్యమును మార్చుకొనెను. ఆ మాండలిన్ ఏ చెట్టుదని ఆ సభలో నెవ్వరును అడిగియుండరు. సముద్రమునకావల విల్లీ నెల్సన్ 1969లో ఏడువందల ఏబది డాలర్లకు కొనిన మార్టిన్ గిటారు కంపెనీలో తయారైనదే. దానిని వాయించి వాయించి ముందుపలకకు కన్నము పడినను ఆయన దానిని విడువలేదు.

చేయి చిన్నదై పెద్దపెట్టె ఇమడనివాడు, భుజము నొప్పిచే సన్నని పెట్టె కోరువాడు, ఎడమచేతివాటమువాడు, తన సంగీతమునకు కావలసిన స్వరము అంగడిలో దొరకక వెదకువాడు, వీరందఱును లూథియర్ గుమ్మము త్రొక్కవలసినవారే. డబ్బుండి, అందమైన వస్తువును అందమునకే కొని, ఆ మాట నిజాయితీగా ఒప్పుకొనువానితోను నాకు తగవు లేదు. తగవు, వేలికొనన కాయ లేకుండ చెక్కలో నాదమున్నదని ఉపన్యసించువానితోనే. కనుక పాఠకులారా, ఈసారి బాతెల్‌లో గాని, బంజారాహిల్స్‌లో గాని మిమ్ము గిటారు చూడ రమ్మని పిలిచినచో చెట్టు పేరు అడుగకుడు. భోజనము చేసి, తాంబూలము పుచ్చుకొని, "ఏదీ, ఒక్క పాట వాయించండి, వింటాము" అని అడుగుడు. వాయించినచో కూర్చుండి తృప్తిగా వినుడు. పురాణమే మొదలైనచో మఱునాడు పనిదినమని చెప్పి లేచి రండు.