తెర నిండా దాతలే

మొత్తానికి మన నాటకోత్సవాలకూ ఎల్ఈడీ తెర వచ్చేసింది. కరపత్రంలో నాటకాల పేర్లకన్నా దాని కొలతలే పెద్ద అక్షరాల్లో వేశారు. చెవులకు మిషన్లు తగిలించుకు తిరిగే నాలాంటివాళ్లం, ఇక మాటలు కంటితోనైనా అందుకుంటాం కదా అని పొంగిపోయాం.

తెర వెలిగింది. ముఖ్య అతిథి నవ్వారు. గౌరవాధ్యక్షులు, అధ్యక్షులు, కార్యాధ్యక్షులు వరసగా నవ్వారు. తర్వాత నగల దుకాణం, వెంచర్‌లో ప్లాట్లు, మోకాళ్ల ఆసుపత్రి.

నాటకం మొదలైంది. కృష్ణుడి వెనకాల మబ్బులు పరుగెత్తుతున్నాయి. రాయబారానికి వెళ్తున్నాడో, విమానం ఎక్కాడో తేల్చుకోలేకపోయాను. కౌరవసభలోకి అడుగుపెట్టాక కూడా తెర అడుగున దాతల పేర్లు పాకుతూనే ఉన్నాయి. నూటపదహార్లు ఇచ్చినాయన పేరు ఇంటిపేరుతో సహా చదివాను. దుర్యోధనుడికి కృష్ణుడు ఏం చెప్పాడో మాత్రం తెలియలేదు. సంధి కుదిరిందేమో, ఎవరికి తెలుసు!

విశ్రాంతిలో వెళ్లి మొరపెట్టుకుంటే, ‘దానిదేముందండీ’ అంటూ సౌండు పెంచారు. వయసుతో వచ్చే చెవుడులో ముందు పోయేవి సన్నటి ధ్వనులు. స, శ, త, ప లాంటి హల్లులు జారిపోతాయి, అచ్చులు మిగులుతాయి. సౌండు పెంచితే ఆ అచ్చులే గుండెల మీద గుద్దుతాయి. అందుకే పద్యం చివర తీసే రాగం నాకు బ్రహ్మాండంగా వినపడుతుంది. వినపడనిది పద్యమే. పక్కవాళ్లు ‘వన్స్ మోర్’ అంటే నాకు రెండోసారీ రాగమే దక్కింది.

ఇక వ్యంగ్యం చాలు. నాకు ఒళ్లు మండుతోంది. ఆ నాటకంలోని ప్రతి మాటా ముందే రాసి ఉంది. సైడు వింగులో ప్రాంప్టరు చేతిలో పుస్తకం ఉంది. నెలల తరబడి బట్టీపట్టిన నటుడికి మాట అందించడానికి ఒక మనిషిని పెట్టారే, టికెట్ కొన్న మాకు అందించాలని ఒక్కరికీ తోచలేదా? తెర ఉంది, కంప్యూటరు ఉంది, దాని ముందు ఆపరేటరు ఉన్నాడు. లేనిదల్లా బుద్ధి. లండన్ నేషనల్ థియేటర్ 2018లోనే ప్రేక్షకుల కళ్లద్దాల మీద సంభాషణలు చూపించింది. మాకు అద్దాలేమీ వద్దు, దాతలు పాకే ఆ పట్టీ ఇస్తే చాలు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 29వ సెక్షన్ సాంస్కృతిక జీవితంలో మాకూ చోటుందంటోంది. సినిమా హాళ్లకు కేంద్రం 2024 మార్చిలో మార్గదర్శకాలిచ్చింది. రంగస్థలం మాత్రం ఏ పద్దులోనూ పడలేదని నిశ్చింతగా ఉంది.

పెళ్లిళ్లలో డీజే సంగతి ఎత్తను. ‘ఏమన్నారు?’ అంటే ‘ఏం లేదులే’ అనే బంధువుల సంగతీ ఎత్తను. వాళ్లు కళాసేవ చేస్తున్నామని శాలువాలు కప్పించుకోవడం లేదు.

వచ్చే ఏడు చందా పుస్తకం పట్టుకుని మా గుమ్మం ఎక్కుతారుగా. ఎంత అరిచినా నాకు వినపడదు. ఆ తెర మోసుకొచ్చి, కావలసిన మొత్తం దాని మీద వేసి చూపించండి. అప్పుడు ఆలోచిస్తాను.